‘విడర్షిన్స్’ – సవ్యాపసవ్యములు : ఒక క్రియావిశేషణ పరిశీలనము

ఉపోద్ఘాతము

ఆంగ్లభాషలో ‘విడర్షిన్స్’ అను క్రియావిశేషణము కలదు. నిత్యవ్యవహారమున అది అంతగా వినబడదు. స్కాట్లండు దేశపు పాతకథలలోను, మంత్రతంత్రముల ప్రసంగము గల నవలలలోను కానవచ్చును. సూర్యగమనమునకు ఎదురుదిశగా, ఎడమచుట్టుగా తిరుగుట దాని ప్రధానార్థము. తప్పుదిశగా, కీడు మూడునట్లుగా అనునవి దానిని అంటియున్న అర్థచ్ఛాయలు. ఈ పదమును తెలుగున చెప్పవలసి వచ్చినప్పుడు మనకు వెంటనే తోచు మాట ‘అపసవ్యముగా’ అనునది. ఆ మాట ఎంతవరకు తగును, ఎచ్చట తగదు అనునదే ఈ వ్యాసమున విచార్యము.

ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని హైదరాబాదు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి. నగర్ వరకు గల దారిని గమనించినచో దాని విస్తృతి తెలియును. మెట్రో రైలుమార్గమున దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ అను నాలుగు స్టేషనుల దూరము మాత్రమే అది. ఆ కొద్దిమేరలో కుడియెడమల చుట్టును తెలుపు నాలుగు పదజాలములు ప్రక్కప్రక్కనే వర్తించుచున్నవి. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా మందిరమున, కొత్తపేట అష్టలక్ష్మీ దేవాలయమున భక్తుల మాట ‘ప్రదక్షిణము’. వీధికొకటిగా నున్న పోటీపరీక్షల శిక్షణకేంద్రములలో బోధకుల మాట ‘సవ్యదిశ, అపసవ్యదిశ’. అంగడివీధిలో దక్కనీ ఉర్దూ మాట ‘సీదా, ఉల్టా’. నల్లగొండ మున్నగు జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కర్షక కుటుంబముల పెద్దల నోట ‘దాపట, ఎలపట’ అను కాడియెద్దుల మాటలు. ఈ నాలుగును ఒకే విషయమును చెప్పుచున్నట్లు తోచును. పరిశీలించినచో అట్లు కాదు. ఉదయము తరగతిలో అమరకోశమును, సాయంకాలము పోటీపరీక్షల పుస్తకమును చదువు విద్యార్థికి ఒకే శబ్దము రెండు విరుద్ధార్థములతో ఎదురగుచున్నది. ఆ చిక్కును విప్పుటకు ఈ ఆంగ్లపదము మంచి సాధనము.

1. పదవ్యుత్పత్తి

‘విడర్షిన్స్’ శుద్ధమైన ఆంగ్లపదము కాదు. మధ్యకాలపు జర్మను మాండలికములనుండి స్కాట్లండు వారి భాషలోనికి వచ్చినది. ఇందలి పూర్వపదము ‘విడర్’ అనగా ఎదురు, వ్యతిరేకము. ఉత్తరపదము ‘సిన్’ అనగా దారి, దిశ. చివరి సకారము క్రియావిశేషణత్వమును తెలుపు షష్ఠీప్రత్యయము. కావున పదమునకు మొదటి అర్థము ‘ఎదురుదారిగా’ అని మాత్రమే. ఇందు సూర్యుడు లేడు, ఎడమ లేదు, పాపము లేదు.

తరువాతి కాలమున ఉత్తరపదమును జనులు సూర్యవాచకమని భ్రమపడిరి. ధ్వనిసామ్యమే దానికి హేతువు. ఆ భ్రమవలన ‘సూర్యునకు ఎదురుగా’ అను భావము పదమున స్థిరపడినది. ఇట్టి లౌకికవ్యుత్పత్తులు అన్ని భాషలలోను కలవు. పదము పుట్టుక వేరు, ప్రజలు దానికి కల్పించుకొన్న పుట్టుక వేరు. అర్థపరిణామమును నడపునది పెక్కుమార్లు రెండవదియే. ఈ సూత్రము మన సవ్యశబ్దమునకును వర్తించునని ముందు చూపబడును.

2. సాహిత్యప్రయోగము

ఈ పదమునకు దొరకు తొలిప్రయోగములలో ఒకటి 1513లో గావిన్ డగ్లస్ ముగించిన వర్జిల్ మహాకావ్యానువాదమున నున్నది. అచ్చట అది వెండ్రుకలను గూర్చి చెప్పబడినది. భయముచేత వెండ్రుకలు తమ స్వాభావికదిశకు ఎదురుగా నిక్కుటయే దాని అర్థము. ఇది ‘ఎదురుదారి’ అను మూలార్థమునకు మిక్కిలి దగ్గర.

శతాబ్దము ముగియునప్పటికి పదము రంగు మారినది. 1590–91 సంవత్సరములలో స్కాట్లండున నార్త్ బెర్విక్ మంత్రగత్తెల విచారణలు జరిగినవి. రాత్రివేళ చర్చివద్ద గుమిగూడి ఎదురుచుట్టుగా తిరిగిరి అనునది అందలి ఆరోపణలలో ఒకటి. ఆ విచారణలలో కొందరు మరణశిక్షకు గురియైరి. దిశను తెలుపు ఒక క్రియావిశేషణము నేరారోపణపత్రమున చేరి మనుష్యప్రాణములతో ముడిపడినది. పదములకు అంటుకొన్న శుభాశుభభావములు కేవలము అలంకారములు కావనుటకు ఇది చాలును.

జానపదకథలలో ఈ పదమునకు ప్రసిద్ధి తెచ్చినది ‘చైల్డ్ రోలండ్’ కథ. జోసెఫ్ జేకబ్స్ 1890లో ప్రకటించిన ఆంగ్ల జానపదకథల సంపుటిలో అది కలదు. బంతికై పరుగెత్తిన రాకుమార్తె చర్చిని ఎదురుచుట్టుగా చుట్టివచ్చి మాయమగును. ఆమెను యక్షరాజు తన కోటకు కొనిపోయెనని తెలిసి అన్నలు ఒకరి తరువాత ఒకరు వెదకబోవుదురు. చివరి సోదరుడు ఒక పచ్చనిగుట్టను ముమ్మారు ఎదురుచుట్టుగా తిరిగి, తలుపు తెరచుకొనునట్లు చేసి లోపల ప్రవేశించును. ఇందు గమనింపదగినది ఒకటి కలదు. ఆమెను లోకాంతరమునకు పంపిన తిరుగుడే, ఆమెను తెచ్చుటకు వెళ్లిన సోదరునకు ద్వారము తెరచినది. ఎదురుచుట్టు ఈ కథలో కేవలము పాపము కాదు. ఈ లోకమునకును వేరొక లోకమునకును నడుమ నున్న గడియ అది.

కాళిదాసు రఘువంశమును ఎరిగినవారికి ఈ ఘట్టము ఒక పోలికను స్ఫురింపజేయును. దిలీపుడు స్వర్గమునుండి మరలి వచ్చుచు, కల్పవృక్షచ్ఛాయలో నున్న సురభికి ప్రదక్షిణము చేయక, పత్నీచింతతో సాగిపోయెను. సురభి శాపము అతని సంతానలేమికి కారణమాయెను. ప్రథమసర్గలో వసిష్ఠుడు ఈ సంగతిని రాజునకు ఎరిగించును. ఆంగ్లకథలో తప్పుగా తిరుగుట, సంస్కృతకావ్యమున తిరుగక పోవుట. రెండింటను పాత్రలకు దుర్బుద్ధి లేదు, పరధ్యానము మాత్రమే కలదు. రెండింటను పరిహారము ఆ క్షేత్రముననే దొరకును: అచ్చట గుట్టచుట్టు తిరుగుట, ఇచ్చట సురభి తనయయైన నందినిని అనుసరించుట. చుట్టి వచ్చుటలోని దిశ మానవుని భావిని నిర్ణయించు నను విశ్వాసము రెండు సాహిత్యములకును సమానము.

3. సోదరపదము : ప్రదక్షిణము

‘విడర్షిన్స్’ పదమునకు ప్రతికోటిగా ఆంగ్లరచయితలు వాడుచున్నది ‘డీషల్’ అను గేలిక్ పదము. వాల్టర్ స్కాట్ 1814 నాటి ‘వేవర్లీ’ నవలలో, గాయపడిన నాయకుని చుట్టు వైద్యుడు సూర్యగమనము ననుసరించి ముమ్మారు తిరుగు ఘట్టమున ఈ పదము వచ్చును. ఈ పదమునకు మూలమైన ‘డెస్’ అను గేలిక్ ధాతురూపమునకు కుడి, దక్షిణదిశ అని రెండర్థములు. లాటిను ‘డెక్స్‌టర్’, గ్రీకు ‘డెక్సియోస్’, సంస్కృతము ‘దక్షిణ’ ఒకే కుటుంబమునకు చెందినవి. తూర్పునకు మొగమై నిలిచినవానికి దక్షిణదిక్కు కుడిచేతివైపు నుండును. కావుననే ఒకే శబ్దము ఈ రెండర్థములను వహించినది. గేలిక్ భాషలో ఎడమచుట్టును తెలుపు పదము ఉత్తరదిశావాచకమునుండి పుట్టుటయు ఈ క్రమమునే బలపరచుచున్నది.

దీనినిబట్టి, స్కాట్లండు పర్వతవాసియైన వైద్యుని ‘డీషల్’, కొత్తపేట దేవాలయమున వినబడు ‘ప్రదక్షిణము’ భాషాకుటుంబరీత్యా దాయాదులు. సంస్కృతమున ‘ప్రదక్షిణమ్’ అనునది స్వభావసిద్ధముగ క్రియావిశేషణమే. పాణినీయమున ద్వితీయాధ్యాయ ప్రథమపాదమందలి తిష్ఠద్గు గణమున ఇది అవ్యయీభావముగా పఠింపబడినది. తెలుగున మనము దీనిని నామవాచకముగా గ్రహించి ‘ప్రదక్షిణము చేసెను’ అనుచున్నాము. క్రియావిశేషణముగా కావలసినప్పుడు ‘ప్రదక్షిణముగా’ అని గా-వర్ణకమును చేర్చుచున్నాము.

దీనికి వ్యతిరేకముగా సంస్కృతమున ‘అప్రదక్షిణమ్’, ‘ప్రసవ్యమ్’ అను రూపములు కలవు. శతపథబ్రాహ్మణమున ‘ప్రసలవి’, ‘అపసలవి’ అను అవ్యయముల జంట కానవచ్చును. మొదటిది కుడిచుట్టును, రెండవది పితృకర్మకు తగిన ఎడమచుట్టును తెలుపును. ‘విడర్షిన్స్’ వలెనే ఇవియు నేడు అరుదైనవి, క్రియావిశేషణములు, కర్మకాండతో సంబంధించినవి. ఆ ఆంగ్లపదమునకు సంస్కృతమున సరియైన తోబుట్టువు ‘అపసలవి’ యని చెప్పవచ్చును. అచ్చటను ఎదురుచుట్టు లోకాంతరమునకు, పితృలోకమునకు, సంబంధించినదే. భేదమొక్కటి: స్కాట్లండున అది నిషిద్ధమార్గము, మన కర్మకాండలో అది విహితమార్గము.

4. సవ్యశబ్దము తిరుగబడిన తీరు

ఇక ‘అపసవ్యము’. నేటి తెలుగున ‘సవ్యముగా’ అనగా సరిగా, క్రమముగా. ‘అపసవ్యముగా’ అనగా క్రమము తప్పి. పాఠశాల వాచకములలో గడియారపు ముల్లు తిరుగు దిశ సవ్యదిశ, దానికి ఎదురైనది అపసవ్యదిశ. కాని సంస్కృతమున సవ్యశబ్దమునకు ప్రథమార్థము ఎడమ. ఋగ్వేదమునుండి ఇదియే ప్రయోగము. అమరసింహుడు సవ్యమును వామభాగముగను, అపసవ్యమును దక్షిణభాగముగను స్పష్టముగ చెప్పెను. ‘సవ్యము కానిది’ కావున అపసవ్యము కుడి.

అర్జునుని ‘సవ్యసాచి’ నామము దీనికి ప్రబలసాక్ష్యము. విరాటపర్వమున ఉత్తరకుమారునకు తన పదినామములను వివరించుచు, గాండీవమును లాగుటలో తనకు రెండు చేతులును సమర్థములే కావున ఆ పేరు వచ్చెనని అర్జునుడు చెప్పును. ఎడమచేతితోను బాణమును ప్రయోగింపగలుగుటలోనే విశేషము. సవ్యమనగా కుడి యని తలచువానికి ఈ పేరులో విశేషమే కనబడదు. కుడిచేతితో విల్లు లాగుట అందరును చేయునదే కదా!

అట్లయిన ఎడమను తెలుపు శబ్దము ‘సరియైనది’ అను అర్థమునకు ఎట్లు మారినది? దీనికి యజ్ఞోపవీత ధారణవిధి మార్గము చూపుచున్నది. దేవకార్యములలో యజ్ఞోపవీతము ఎడమభుజముపై నుండి కుడిచేతి క్రిందుగా ఉండును. ఇది ఉపవీతము, ఎడమభుజమున నుండుటచే ‘సవ్యము’. పితృకార్యములలో అది కుడిభుజముపై నుండి ఎడమచేతి క్రిందుగా ఉండును. ఇది ప్రాచీనావీతము, కుడిభుజమున నుండుటచే ‘అపసవ్యము’. శ్రాద్ధమున పురోహితుడు ‘సవ్యము’, ‘అపసవ్యము’ అని మార్చి మార్చి చెప్పుట నేటికిని వినబడును. ఇచ్చట రెండు పదములును తమ మూలార్థమునందే వాడబడినవి.

కాని వినువాని అనుభవము వేరు. ఎల్లవేళల ఉండు స్థితి సవ్యము. ఆ స్థితిని తాత్కాలికముగ మార్చి, తిలోదకము లిచ్చి, మరల యథాస్థితికి వచ్చుట అపసవ్యము. కావున సవ్యమనగా సహజస్థితి, అపసవ్యమనగా తలక్రిందులైన స్థితి అను భావము నాటుకొనియుండును. దానికితోడు ‘అపజయము’, ‘అపకీర్తి’, ‘అపశకునము’ మున్నగు మాటలలో అప-ఉపసర్గ కీడునే తెలుపుచుండుటచే, అపసవ్యమును ఆ వరుసలోనికి చేర్చుట తెలుగువానికి సులభమైనది. సంస్కృత నిఘంటువులలోనే సవ్యశబ్దమునకు కుడి యను రెండవ అర్థమును ఎక్కియుండుట ఈ మార్పునకు తోడ్పడినది. ‘విడర్షిన్స్’లోనికి సూర్యుడు ప్రవేశించినట్లే, సవ్యములోనికి ‘సరి’ ప్రవేశించినది. రెండింటను మొదట స్థానమాత్రము, పిదప విలువ.

దీని ఫలితమేమనగా, అమరుని మతమున అపసవ్యము కుడి. పాఠ్యపుస్తకమున అపసవ్యదిశ ఎడమచుట్టు. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణకేంద్రమున కూర్చున్న సంస్కృతవిద్యార్థి ఈ రెండింటిలో ఏది తప్పని అడిగినచో, ఏదియు తప్పు కాదనియే సమాధానము. పారిభాషికపదము తన శాస్త్రమున నిర్ణయింపబడిన అర్థమునే ఇచ్చును. పరీక్షలో గడియారపు దిశనే వ్రాయవలెను. శ్లోకవ్యాఖ్యలో అమరునే అనుసరింపవలెను. ఒకదానిని రెండవదానిలోనికి కొనిపోవుటయే దోషము. బోధకుడు ఈ భేదమును ఒక్క వాక్యమున చెప్పినను విద్యార్థికి గొప్ప మేలు కలుగును.

5. దేశ్యపదములు

తెలుగున ఈ భావమునకు స్వంతసంపద లేకపోలేదు. కుడికి ‘వలపల’, ఎడమకు ‘దాపల’ అనునవి ప్రాచీనపదములు. కాడికి కట్టిన ఎద్దులలో కుడిది వలపటెద్దు, ఎడమది దాపటెద్దు. వలపట యనునదే తెలంగాణమున, రాయలసీమలో ‘ఎలపట’ యైనది. ఈ మాటలలో మంచిచెడ్డల తారతమ్యము లేదు. రెండెద్దులును కాడికి సమానమే. ఒకటి లేనిదే రెండవది దున్నదు. దిశను నిర్వికారముగ చెప్పు శక్తి ఈ పదములకు కలదు.

కుడిని తెలుపు వల-శబ్దమునుండియే ‘వలగొను’ అను క్రియ పుట్టినది. ప్రదక్షిణము చేయుట దాని అర్థము. తమిళమున ‘వలమ్ వరుదల్’, కన్నడమున ‘బలగొళ్’ దీని సోదరరూపములు. తమిళులు కుడిచుట్టును ‘వలంజుళి’ యనియు, ఎడమచుట్టును ‘ఇడంజుళి’ యనియు పాఠ్యగ్రంథములలో వాడుచున్నారు. శరీరముయొక్క కుడియెడమలనుండి నేరుగా తీసిన మాటలగుటచే అచ్చట బాలునకు సందేహము కలుగదు. మనము సంస్కృతపదమును, అదియు అర్థము తిరుగబడినదానిని, స్వీకరించితిమి. ఇప్పుడు దానిని మార్చుట సాధ్యము కాదు, అవసరమును కాదు. అయినను ‘కుడిచుట్టు’, ‘ఎడమచుట్టు’ అను మాటలను వివరణగా దాని ప్రక్కన నిలుపుట మంచిది.

మరియొక దేశ్యాంశము ‘పెడ’. వెనుక, ఎదురు, వక్రము అను భావములను ఇది తెలుపును: పెడదారి, పెడచెవి, పెడమొగము, పెడసరము. ‘విడర్షిన్స్’ పదమును అవయవములుగా విడదీసి అనువదించినచో పూర్వపదము పెడ, ఉత్తరపదము దారి, మొత్తము ‘పెడదారిన’. వ్యుత్పత్తిరీత్యా ఇంతకన్న దగ్గరి మాట లేదు. అయితే తెలుగు పెడదారి పూర్తిగా నీతివిషయము. అందు చుట్టు లేదు. ఆంగ్లపదమున నైతికచ్ఛాయ ప్రధానమైన చోట మాత్రమే అది ఒదుగును.

దక్కనీ ఉర్దూలో కుడిచేయి ‘సీదా హాత్’, ఎడమచేయి ‘ఉల్టా హాత్’. సీదా అనగా తిన్ననిది, ఉల్టా అనగా తలక్రిందులైనది. హైదరాబాదు తెలుగున ‘ఉల్టా’ క్రియావిశేషణముగా స్థిరపడినది: చొక్కా ఉల్టా తొడిగెను, మాట ఉల్టా చెప్పెను. ఇచ్చటను శరీరభాగమునకు విలువ అంటుకొన్నది. ఆంగ్లమున కుడిని, సరియైనదానిని, న్యాయమైన హక్కును ఒకే శబ్దము తెలుపుటయు ఇట్టిదే. కావున ‘సవ్యము’ విషయమున తెలుగువారు చేసిన మార్పు వింత కాదు; అది మానవభాషల సామాన్యగతి.

6. సూర్యుడు, గడియారము, హైదరాబాదు

నిఘంటువును తెరచి ‘విడర్షిన్స్’ అనగా ‘సూర్యగమనమునకు ఎదురుగా’ అని అనువదించినచో సరిపోవునుగదా యని కొందరు అనవచ్చును. ఈ నిర్వచనము స్కాట్లండునకు సరి. మన దేశభాగమునకు సంపూర్ణముగ సరిపడదు. స్కాట్లండు ఉత్తరమున చాల దూరమున నున్నది. అచ్చట మధ్యాహ్నసూర్యుడు ఏడాది పొడుగునను దక్షిణాకాశముననే కనబడును. దక్షిణమునకు మొగమైనవానికి సూర్యుడు ఎడమనుండి కుడికి సాగును. తూర్పు, దక్షిణము, పడమర అను ఆ వరుస కుడిచుట్టు. నీడగడియారపు నీడయు ఆ దిశగానే తిరుగును. ఉత్తరార్ధగోళమున పుట్టిన యంత్రగడియారము ఆ దిశనే అనుకరించినది. గడియారపు దిశ యను మాట ఆంగ్లమున 19వ శతాబ్దమున వాడుకలోనికి వచ్చినది. అంతకుముందు సూర్యుడే ప్రమాణము.

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఏటేట మే 9 ప్రాంతమునను, ఆగస్టు 3 ప్రాంతమునను ఇచ్చట మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిట్టనిలువుగా నున్న కంబమునకు అప్పుడు నీడ ఉండదు. ఈ రెండు దినముల నడుమ సుమారు మూడు మాసములు మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరముగా ఉండును. అప్పుడు ఎల్.బి. నగర్ కూడలిలో నిలిచి మిట్టమధ్యాహ్నము సూర్యునివైపు తిరిగినవానికి సూర్యుడు కుడినుండి ఎడమకు సాగును. అనగా ఆ మాసములలో సూర్యుని అనుసరించుట ఎడమచుట్టగును! సూర్యుని ఆధారము చేసికొన్న నిర్వచనము మన ఊరిలో సంవత్సరమున నాలుగవ వంతు కాలము తలక్రిందులగును.

ఈ దృష్టితో చూచినచో ‘ప్రదక్షిణ’ శబ్దముయొక్క సౌకర్యము తెలియును. అది సూర్యుని నమ్ముకొనక, నడచువాని శరీరమును ఆధారముగ గొన్నది. పూజ్యవస్తువును కుడిచేతివైపు ఉంచుకొని నడువుము అనునదే దాని విధి. ఏ ఋతువునందైనను, ఏ అక్షాంశమునందైనను ఆ విధి మారదు.

మన దేశమున వాహనములు రోడ్డునకు ఎడమగా నడచును. కావున నడుమ వలయము గల కూడలిలో అవి వలయమును కుడివైపున ఉంచుకొని తిరుగును. చట్టమే అచ్చట ప్రదక్షిణమును విధించినట్లు. దూరపు మలుపును తప్పించుకొనుటకై ఎదురుదిక్కున బండిని నడుపువానిని నగరవాసులు ‘రాంగ్ రూట్‌’లో వచ్చుచున్నాడందురు. ‘విడర్షిన్స్’ పదముయొక్క మూలార్థము ఇదియే: ఎదురుదారి. 1513 నాటి ప్రయోగమునకు మన నగరపు వాడుకమాట సరియైన వ్యాఖ్య.

7. దిశకు దోషమున్నదా?

అనువాదకుడు ఆలోచింపవలసిన ముఖ్యవిషయము ఇచ్చట వచ్చుచున్నది. ఎడమచుట్టు అన్ని సంప్రదాయములలోను దోషము కాదు. మక్కాలో హజ్ యాత్రికులు కాబాను ఎడమవైపున ఉంచుకొని ఏడుమార్లు చుట్టివత్తురు; అది ఎడమచుట్టు, పరమపవిత్రము. టిబెట్టున బోన్ మతస్థులు కైలాసపర్వతమును ఎడమచుట్టుగా తిరుగుదురు. బౌద్ధులు, హిందువులు కుడిచుట్టుగా తిరుగుదురు. పర్వతము ఒక్కటే. మన శివాలయములలో సోమసూత్ర ప్రదక్షిణము చేయువారు అభిషేకజలము పోవు మార్గమును దాటక, అంతవరకు వెళ్లి వెనుకకు మరలుదురు; అందు సగము ఎడమచుట్టే. పరుగుపందెములు జరుగు క్రీడాప్రాంగణములలో ఆటగాండ్రు మైదానమును ఎడమకు ఉంచుకొనియే పరుగెత్తుదురు.

ఇప్పుడు కాబా ప్రదక్షిణమును వర్ణించు వాక్యమున ‘అపసవ్యముగా తిరుగుదురు’ అని వ్రాసినచో ఏమగును? వ్రాసినవాని మనస్సున నున్నది గడియారపు దిశ మాత్రమే. చదువువాని మనస్సున నిండునది ‘క్రమము తప్పి’ అను అర్థము. దురుద్దేశము లేకయే పొరుగువాని ఆరాధనను తప్పని పలికినట్లగును. మలక్‌పేట మొదలు సరూర్‌నగర్ వరకు పలుమతములవారు గోడకు గోడగా నివసించు ఈ ప్రాంతమున, అట్టి వాక్యము పాఠ్యపుస్తకమున నుండుటకును, లేకుండుటకును చాల భేదము కలదు. ‘కాబాను తమ ఎడమవైపున ఉంచుకొని ఏడుమార్లు చుట్టివత్తురు’ అని వ్రాసిన అర్థము మరింత స్పష్టము, నిర్దోషము. ఒక క్రియావిశేషణమునకు అంటిన చెడ్డఛాయ నార్త్ బెర్విక్‌లో ఏమి చేసినదో చూచితిమి. మాటను ఎన్నుకొనుటలో జాగ్రత్త కేవలము శైలివిషయము కాదు.

8. అనువాదమార్గములు

పై విచారమునుబట్టి ‘విడర్షిన్స్’ పదమునకు ఒకే తెలుగు పర్యాయమును నిర్ణయించుట తగదు. సందర్భమునుబట్టి ఈ క్రింది విధముగ గ్రహింపవచ్చును.

అ) కేవలము స్థితిని తెలుపు చోట ‘ఎదురుగా, ఎదురు తిరిగి’. డగ్లస్ ప్రయోగమునకు ఇది సరి. ఉదాహరణము: భయముచే అతని వెండ్రుకలు ఎదురు తిరిగి నిక్కెను.

ఆ) జానపదకథలలో, కర్మకాండతో సంబంధించిన వర్ణనలలో ‘అప్రదక్షిణముగా’. ఉదాహరణము: బాలిక దేవాలయమును అప్రదక్షిణముగా చుట్టివచ్చి అదృశ్యమాయెను. ఇందు దిశయు, ఆచారభంగమును, రాబోవు ఆపదయు ఒక్కమాటలో ధ్వనించును. తెలుగు చదువరికి ప్రదక్షిణము పరిచితమగుటచే దాని నిషేధరూపము ఎట్టి వివరణమును కోరదు.

ఇ) యంత్రముల విషయమున, పాఠ్యగ్రంథములలో పారిభాషికమైన ‘అపసవ్యదిశలో’. ఉదాహరణము: మరను అపసవ్యదిశలో త్రిప్పినచో వదులగును. మొదటి ప్రయోగమున ‘అనగా ఎడమచుట్టుగా’ అను వివరణము చేర్చుట మేలు.

ఈ) పనులు చెడిపోవుటను తెలుపు రూపకప్రయోగములలో ‘అపసవ్యముగా, పెడదారిన’, హైదరాబాదు పాత్రల సంభాషణములో ‘ఉల్టా’. ఉదాహరణము: ఆనాటినుండి వారి వ్యవహారములన్నియు పెడదారిన పడెను.

ఉ) ఇతరమతముల ఆచారమును, నిష్పక్షముగా చెప్పవలసిన విషయమును వర్ణించు చోట పదమును విడిచి వాక్యముగా విప్పి చెప్పుట: ‘ఎడమవైపున ఉంచుకొని’.

పితృకర్మలను ఆంగ్లమున వివరించువారు ‘అపసవ్యము’ను ‘విడర్షిన్స్’ అని అనువదించుట మాత్రము కూడదు. ఆ ఆంగ్లపదమున నిషిద్ధభావము బలముగ నున్నది. మన పితృకార్యము నిషిద్ధము కాదు, శ్రద్ధతో చేయు ఋణవిమోచనము. మరియు యజ్ఞోపవీతవిషయమున అపసవ్యము భుజమును తెలుపును గాని చుట్టును తెలుపదు. ఒక భాషలోని చెడ్డఛాయను వేరొక భాషలోని పవిత్రకర్మపై పడవేయు దోషము రెండువైపులను సంభవించును.

ఉపసంహారము

ఒక అరుదైన ఆంగ్ల క్రియావిశేషణమును తెలుగున చెప్పబూని, మన వాడుకలోని మాటనే పరీక్షించుకొనవలసి వచ్చినది. ‘విడర్షిన్స్’ మొదట ఎదురుదారి, పిదప సూర్యునకు ఎదురు, ఆపైన పాపము. ‘సవ్యము’ మొదట ఎడమ, పిదప సహజస్థితి, ఆపైన సరియైనది, తుదకు కుడిచుట్టు. రెండు పదములును దిశనుండి బయలుదేరి విలువను చేరినవి. దిశను చెప్పదలచిన రచయిత దిశనే చెప్పు మాటను, విలువను చెప్పదలచిన రచయిత విలువను చెప్పు మాటను ఎన్నుకొనవలెను. దాపటెద్దును దాపటెద్దని మాత్రమే పిలిచిన కర్షకుని వివేకము ఇందుకు ఆదర్శము. సంస్కృతాంధ్రములను చదువు విద్యార్థులు సవ్యాపసవ్య ప్రయోగములను ప్రాచీనకావ్యములనుండియు, నేటి పాఠ్యగ్రంథములనుండియు ప్రక్కప్రక్కన చేర్చి పరిశీలించినచో, ఈ పదపరిణామముయొక్క నడిమి మెట్లు మరింత స్పష్టపడగలవు.